నీళ్ళు రప్పించే ముందు, పోయే దారి చూడండి

కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, అంటే పాత క్యారవాన్‌లో కుళాయి, షవరు అమర్చుకోవడం మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట పెట్టాం. ఒకే సంగతిని వేరువేరు మాటల్లో అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: మా క్యారవాన్‌కి 30 ఏళ్ళు దాటాయి. ఒకే ఇరుసు బండి. సింకు దగ్గర కాలితో తొక్కే పంపు, కింద ఓ నీళ్ళ క్యాను, అంతే ఉన్నాయి. కుళాయి తిప్పితే నీళ్ళు రావాలి, ఓ మూల నిలబడి స్నానం చేయగలగాలి. కరెంటు పంపు కొనేశాను. పని ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: పంపుని పెట్టెలోనే ఉండనివ్వండి. ఈ పనిలో అన్నిటికన్నా తేలికైనది అదే, ఒక పూటలో అయిపోతుంది. క్యారవాన్‌లో షవర్లు పాడయ్యేది నీళ్ళు రాక కాదు, వచ్చిన నీళ్ళు పోవాల్సిన చోటికి పోక. అందుకే కింది నుంచి పైకి రండి. ముందు నేల, తర్వాత వాడిన నీళ్ళ దారి, ఆపైన బరువు లెక్క, ఆఖర్న పంపు, కుళాయిలు.

ఈ బళ్ళలో నేల చాలావరకు రెండు ప్లైవుడ్డు పలకల మధ్య థర్మోకోల్ లాంటి ఫోము అతికించి చేసినది. లోపల జిగురు విడిపోయిందంటే కాలు వేసినచోట దిగుతుంది, కిర్రుమంటుంది. షవరు పెట్టాలనుకున్న మూలలో మడమతో నొక్కి చూడండి. గోడల కింది అంచుల్లో, కిటికీ మూలల్లో, గోడా పైకప్పూ కలిసేచోట చెమ్మ మీటరు పెట్టండి. 15 శాతం లోపు చూపిస్తే భయం లేదు. 15 నుంచి 20 మధ్యలో ఉంటే కారణం వెతకాలి. 20 దాటితే షవరు మాట పక్కన పెట్టి ముందు ఆ లీకు సంగతి చూడాలి. మీటరు లేకపోతే స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. ఆరిన చెక్క టక్కుమంటుంది, నానిన చెక్క మొద్దుగా పలుకుతుంది. నానిన చెక్క మీద షవరు ట్రే (నిలబడి స్నానం చేసే గట్టున్న పళ్ళెం) బిగించారంటే ఆ కుళ్ళు మరి కంటికి కనబడదు, నేల కూలేదాకా.

తర్వాత బండి కిందకి దూరి నేల అడుగు చూడాలి. జాకీని నమ్ముకుని దూరకండి, ఇరుసు కింద స్టాండ్లు పెట్టండి. నాలుగు మూలల్లో దించే కాళ్ళు బండి ఊగకుండా నిలపడానికే తప్ప బరువు ఎత్తడానికి కావు. ఛాసిస్ దూలాలు, గ్యాసు పైపు, వైర్లు ఎక్కడెక్కడ పోతున్నాయో కాగితం మీద గీసుకోండి. తూము చిల్లు వీటిలో దేన్నీ తాకకుండా పడాలి, దాని నుంచి గొట్టానికి వాటం దొరకాలి. కాబట్టి షవరు ఎక్కడుండాలో తేల్చేది పైనున్న బీరువా కాదు, కిందున్న దూలం. గాల్వనైజు చేసిన తేలిక రకం ఛాసిస్‌కి సొంతంగా చిల్లులు వేయొద్దు, వెల్డింగు చేయించొద్దు. ఏది వేలాడదీయాలన్నా క్లాంపులతోనే.

ఆ బొమ్మలోనే ఇంకొకటి గుర్తు పెట్టుకోండి: నేలలో జాలీ పెట్టిన గాలి రంధ్రాలు. లీకైన వంటగ్యాసు గాలికన్నా బరువు కాబట్టి కిందకి దిగి వాటిలోంచే బయటికి పోతుంది. షవరు ట్రే వాటి మీద పడకూడదు. చలిగాలి వస్తోందని గుడ్డ కుక్కి ఉంటే ఇప్పుడే తీసేయండి.

ప్రశ్న: వెనక మంచం కింద బోలెడు ఖాళీ ఉంది. 100 లీటర్ల ట్యాంకు అక్కడ పెడితే నాలుగు రోజులు నీళ్ళ బెంగ ఉండదు కదా?

జవాబు: బెంగ నీళ్ళ నుంచి బండి మీదకి మారుతుంది. 100 లీటర్లంటే 100 కిలోలు. ఇరుసుకి వెనక అంత బరువు పడితే ముందు కారుకి తగిలించే కొక్కెం మీద భారం తగ్గిపోతుంది, వేగం అందుకోగానే బండి తోక ఊపడం మొదలుపెడుతుంది. ఆ ఊపు ఒకసారి ముదిరితే లాగే కారుని కూడా తిప్పేయగలదు. కొక్కెం మీద పడే బరువు, బండి మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం మధ్య ఉండాలి. అది కొక్కేనికీ కారుకీ రాసిన హద్దు దాటకూడదు కూడా. ట్యాంకు ఇరుసు మీదికి వచ్చేలాగానీ, దానికి కాస్త ముందుగానీ పెట్టండి.

సైజు తేల్చుకునే ముందు బండిని తూకం వేయించండి. ప్లేటు మీద రాసిన గరిష్ఠ బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేయగా మిగిలిందే మీకు దక్కేది. బట్టలు, గిన్నెలు, సిలిండరు, బ్యాటరీ, నీళ్ళు, ఇప్పుడు చేర్చబోయే గీజరు, ట్రే, గోడ పలకలు అన్నీ అందులోనే సర్దాలి. ఖాళీ బరువు కూడా ప్లేటు మీది అంకెని చూసి నమ్మొద్దు, ఇన్నేళ్ళలో ఎవరెవరు ఏమేం బిగించారో తెలియదు.

వాడకం లెక్క ఇదీ. నిమిషానికి 5 లీటర్లు వదిలే షవరు తల కింద, ఒళ్ళు తడుపుకుని, కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్ళీ తిప్పి కడుక్కుంటే 10 నుంచి 15 లీటర్లు. ఇద్దరికి 30. వంటకీ గిన్నెలకీ మరో 15. అంటే 60 లీటర్ల ట్యాంకు ఇద్దరికి ఒక రోజు దాటి కొంచెం వస్తుంది. షవరున్న చిన్న బండిలో రోజూ నీళ్ళు నింపుకోవడం తప్పదు. ముందే ఒప్పుకుంటే మంచిది. 40 నుంచి 60 లీటర్లు సరిపెట్టుకోదగ్గ సైజు.

ట్యాంకు తాగునీటికి పనికొచ్చే ప్లాస్టిక్‌దై ఉండాలి, వెలుతురు చొరనిదై ఉండాలి. తెల్లటి పలుచని ట్యాంకు కిటికీ పక్కన పెడితే నాచు పడుతుంది. చెయ్యి దూరేంత మూత ఉన్నదే కొనండి, లేకపోతే లోపల తోమే దారే ఉండదు. నింపే గొట్టం 40 మిల్లీమీటర్లది వేసి, దానితోపాటు గాలి పోయే సన్న గొట్టం ఒకటి ట్యాంకు పైభాగం నుంచి తీయాలి. దాని కొస ట్యాంకు మట్టానికి పైన ఉండాలి, పురుగు దూరకుండా సన్న జాలీ కట్టాలి. ఈ గాలి గొట్టం మర్చిపోతే నింపేటప్పుడు నీళ్ళు ఎగదన్ని మీ చొక్కా మీద పడతాయి, వాడేటప్పుడు పంపు లాగుడికి ట్యాంకు పక్కలు లోపలికి పీక్కుపోతాయి. ట్యాంకుని పట్టీలతో నేలకి బోల్టులు వేసి కట్టాలి, చెక్క స్క్రూలు చాలవు. సడన్ బ్రేకు వేసినప్పుడు 60 కిలోలూ ఒక్కసారిగా ముందుకి తోసుకొస్తాయి. లోపల అడ్డుగోడలు లేని ట్యాంకైతే సగం నీళ్ళతో ప్రయాణం చేయకండి, ఆ అలల ఊపు బండికి తెలుస్తుంది. దిగే చోట నీళ్ళు దొరుకుతాయనుకుంటే ఖాళీ ట్యాంకుతో వెళ్ళడమే మేలు.

ప్రశ్న: క్యానులో ముంచే పంపు చాలా చవగ్గా ఉంది. డయాఫ్రమ్ పంపుకే (లోపల రబ్బరు పొర కదిలి నీటిని తోసేది) ఎందుకు పోవాలి? దానికి ఎంత ఫ్యూజు, ఎంత వైరు?

జవాబు: ఒక్క సింకు కుళాయికైతే ముంచే పంపు చాలు. దానికి కుళాయిలోనే చిన్న స్విచ్చు ఉంటుంది, తిప్పినప్పుడే పంపు తిరుగుతుంది. నీళ్ళు లేకుండా కాసేపు తిరిగితే కాలిపోతుంది. లోపల గాలి బుడగ చిక్కితే శబ్దమే తప్ప నీళ్ళు రావు, నీళ్ళలో ముంచి అటూ ఇటూ ఊపాలి. గీజరూ షవరూ కలిపితే మాత్రం దాని ఒత్తిడి చాలక సన్నటి ధారే వస్తుంది.

షవరు పెట్టేవాళ్ళకు 12 వోల్టుల డయాఫ్రమ్ పంపే సరైనది. నిమిషానికి 10 లీటర్ల రకం సరిపోతుంది. అందులో ఒత్తిడి స్విచ్చు ఉంటుంది: కుళాయి తిప్పగానే ఒత్తిడి తగ్గి పంపు మొదలవుతుంది, కట్టగానే పెరిగి ఆగుతుంది. కాబట్టి మామూలు ఇంటి కుళాయిలే పెట్టుకోవచ్చు. లోపం కూడా ఇక్కడే ఉంది. ఎక్కడైనా పైపు ఊడితే పంపు దాన్ని తెరిచిన కుళాయే అనుకుని ట్యాంకు మొత్తం నేల మీద కుమ్మరిస్తుంది. తలుపు పక్కన చేతికందేచోట పంపుకి స్విచ్చు పెట్టండి, బయటికి వెళ్ళేటప్పుడూ పడుకునేటప్పుడూ ఆపేయండి.

పంపుకి ముందు జాలీ గిన్నె తప్పనిసరి. కొత్త ట్యాంకుకి చిల్లు వేసినప్పుడు రాలిన ప్లాస్టిక్ తురుము ఒక్కటి వాల్వులో ఇరుక్కున్నా పంపు ఆగదు. పంపుని దాని రబ్బరు కాళ్ళ మీదే, గట్టి నేల మీద బిగించండి. డొల్ల బీరువా పలకకి బిగిస్తే అది మద్దెలలా మోగుతుంది. పంపుకి రెండువైపులా ఓ 40 సెంటీమీటర్లు మెత్తటి గొట్టం వేసి, ఆ తర్వాతే గట్టి పైపు కలపండి. పంపు దాటాక చిన్న అక్యుములేటర్ ఒకటి పెట్టండి, అంటే లోపల రబ్బరు పొర, ఓ పక్క గాలి ఉండే డబ్బా. సన్నగా వదిలినప్పుడు పంపు పట్టి పట్టి తిరగడం, షవరు ధార ఎగిరెగిరి పడటం దానితో తగ్గుతాయి. అందులో గాలి ఒత్తిడి, పంపు మొదలయ్యే ఒత్తిడికి ఒక పిసరు తక్కువ ఉండాలి. సైకిలు పంపుతో కొట్టుకోవచ్చు, కాకపోతే పంపు ఆపి, కుళాయిలు తెరిచి, పైపుల్లో ఒత్తిడి సున్నా చేశాకే.

ఫ్యూజు ఎంతన్నది పంపు మీదే రాసి ఉంటుంది. ఈ సైజుకి తరచుగా 10 ఆంపియర్లు. దాన్ని బ్యాటరీ దగ్గర్లో పెట్టాలి, పంపు దగ్గర కాదు. వైరు విషయంలో పిసినారితనం వద్దు. బ్యాటరీ నుంచి పంపు 5 మీటర్ల దూరమైతే, పోనూ రానూ 10 మీటర్ల తీగ. పంపు 5 ఆంపియర్లు లాగితే 1 చదరపు మిల్లీమీటరు తీగలో దాదాపు 0.9 వోల్టు దారిలోనే పోతుంది. 2.5 తీగలో పోయేది 0.35. మొదటిదాంతో పంపు నీరసంగా తిరిగి, వేడెక్కి, త్వరగా పోతుంది. బ్యాటరీ అయిపోతుందేమోనని అడిగినవాళ్ళకి: రోజుకి 10 నిమిషాలు తిరిగితే పంపు తినేది ఒక ఆంపియర్-గంట కూడా కాదు.

ప్రశ్న: పైపులు ఏవి వాడాలి? కొత్తగా వేసిన అతుకుల్లో రెండు చోట్ల చుక్కలు కారుతున్నాయి, ఎంత బిగించినా ఆగడం లేదు. పైపు 12 మిల్లీమీటర్లది, ఫిట్టింగు అరంగుళానిది.

జవాబు: బిగించి ఆపలేరు, కోసి మళ్ళీ వేయాల్సిందే. మీరు రాసిన కొలతలు చూస్తే ఒకటి 12 మిల్లీమీటర్ల పైపు, రెండోది అరంగుళం ఫిట్టింగు. అరంగుళమంటే 12.7. చేత్తో తోస్తే కూర్చున్నట్టే ఉంటుంది, కానీ లోపలి రబ్బరు వలయం పైపుని పట్టదు. ఒక బండిలో ఒకటే కొలత, వీలైతే ఒకే తయారీ పైపూ ఫిట్టింగూ వాడండి.

తోసి బిగించే రకం పైపుని రంపంతో కోయొద్దు. పైపు కట్టరుతో నిటారుగా కోసి, అంచు గరుకు తీసేసి, ఎంత లోతు దూరాలో పెన్నుతో గీత పెట్టి, ఆ గీత దాకా తోయండి. తర్వాత వెనక్కి లాగి చూడండి. పైపు మీద చిన్న గీత ఉన్నా రబ్బరు దగ్గర చుక్క తప్పదు. మెత్తటి గొట్టాలు వాడేచోట కొసని వేడినీళ్ళలో ముంచి మెత్తబడ్డాక పళ్ళ మూతికి ఎక్కించి క్లిప్పు వేయండి. నూనె రాయొద్దు, తర్వాత జారుతుంది. టెఫ్లాన్ టేపు మరల మీద మాత్రమే. రబ్బరు వాషర్ ఉన్నచోట టేపు చుట్టితే వాషర్ సరిగ్గా కూర్చోదు.

పలకలు మూసేయక ముందే పరీక్ష చేయండి. ట్యాంకు నింపి, కుళాయిల్లో గాలి పోయేదాకా వదిలి, అన్నీ కట్టి, ప్రతి అతుకు కిందా పొడి టిష్యూ కాగితం పెట్టి రాత్రంతా వదిలేయండి. పంపుని ఆన్‌లోనే ఉంచి మీరు బండిలోనే ఉండండి. మధ్యలో పంపు దానంతటది ఒక్కసారి తిరిగినా ఎక్కడో నీరు పోతోందన్నమాటే. ఆ తర్వాత బండిని కాస్త గతుకుల దారిలో తిప్పుకొచ్చి అదే పరీక్ష మళ్ళీ చేయండి. ఇంటి పైపులకి లేని బాధ ఇది: ఇక్కడ ప్రతి అతుకూ ప్రయాణం చేస్తుంది. అందుకే పైపుని 30 నుంచి 40 సెంటీమీటర్లకు ఒక క్లిప్పుతో గోడకి పట్టించాలి.

ప్రశ్న: బ్యాటరీ మీద నడిచే గీజరు పెట్టుకోవచ్చా? గ్యాసంటే మా ఇంట్లో భయం.

జవాబు: లెక్క వేసి చూడండి. 10 లీటర్ల నీటిని 30 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు 350 వాట్-గంటలు కావాలి. 12 వోల్టుల బ్యాటరీలో అది 29 ఆంపియర్-గంటలు, నష్టాలు కలపకుండా. 100 ఆంపియర్-గంటల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగానికి మించి వాడకూడదు కాబట్టి, ఒక్క స్నానానికే వాడదగ్గ దానిలో సగం కన్నా ఎక్కువ పోయింది. లిథియం బ్యాటరీ, బలమైన సోలారు ఉన్నవాళ్ళ సంగతి వేరు. మిగిలినవాళ్ళు బ్యాటరీని పంపుకీ దీపాలకీ ఉంచుకోవాలి.

బయటి కరెంటు దొరికే చోట్లలోనే దిగుతారనుకుంటే 10 లీటర్ల కరెంటు గీజరు హాయి. 1 కిలోవాటుదైతే ఆ 30 డిగ్రీలకి 20 నిమిషాల పైచిలుకు. 60 డిగ్రీలకు కాగిన 10 లీటర్లని 20 డిగ్రీల చన్నీళ్ళతో సమంగా కలిపితే 40 డిగ్రీల నీళ్ళు 20 లీటర్లు వస్తాయి. పైన చెప్పిన పొదుపు పద్ధతిలో ఒకరికి ధారాళంగా, ఇద్దరికి సరిపెట్టుకుంటే చాలు. బయటి కరెంటు వచ్చే బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఎర్త్ లీకేజి బ్రేకరు ఉండాలి. పాత బండిలో ఉన్నది పనిచేస్తోందో లేదో టెస్టు బటను నొక్కి చూడండి.

గ్యాసు గీజరు పెట్టేటట్లయితే ఒకే రకం: మంటకి కావాల్సిన గాలిని బయటి నుంచే తీసుకుని, పొగని బయటికే వదిలే, లోపలి గాలితో సంబంధం లేని మూసిన రకం. ఇళ్ళ గోడలకి తగిలించే పొగగొట్టం లేని గీజరుని క్యారవాన్‌లో పెట్టకండి. అంత చిన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా ఉండదు, రెండో అవకాశమూ ఉండదు. గ్యాసు కనెక్షను అర్హత ఉన్న పనివాడితో వేయించి, ఒత్తిడి పరీక్ష చేయించండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనండి, గ్యాసు లేని బండిలో కూడా.

ఏ గీజరైనా చన్నీళ్ళు లోపలికొచ్చేచోట నాన్ రిటర్న్ వాల్వు పెట్టాలి. లేకపోతే కాగిన నీరు వెనక్కి తన్ని చన్నీళ్ళ కుళాయిలో గోరువెచ్చగా వస్తుంది. 20 నుంచి 60 డిగ్రీలకు వెళ్ళేసరికి 10 లీటర్ల నీరు దాదాపు 150 మిల్లీలీటర్లు వ్యాకోచిస్తుంది. అది పోవడానికే రిలీఫ్ వాల్వు. కాగేటప్పుడు దాని గొట్టం నుంచి నాలుగు చుక్కలు రాలితే గాబరాపడి బిరడా బిగించకండి. కాగడం ఆగాక కూడా కారుతుంటే అప్పుడు వాల్వు చెడినట్టు. ఖాళీ గీజరుకి స్విచ్చు వేయొద్దు. వేడి కుళాయిలో గాలి లేకుండా ధార వచ్చాకే.

ప్రశ్న: షవరు గదికి టైల్స్ వేయిస్తే శుభ్రంగా ఉంటుందనుకుంటున్నాం. సలహా?

జవాబు: వద్దు. బరువు ఒక కారణం, కదలిక అంతకన్నా పెద్ద కారణం. నడిచే బండి గోడలు మెలి తిరుగుతూనే ఉంటాయి, టైల్స్ మధ్య పూత మొదటి ప్రయాణంలోనే చీలుతుంది, ఆ చీలిక వెనక ఉన్నది 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు.

గోడలకి ఏబీఎస్ ప్లాస్టిక్ పలకగానీ, ఫైబర్‌గ్లాస్ పలకగానీ, అతుకులు ఎంత తక్కువైతే అంత మంచిది. గోడ మీది పాత వినైల్ కాగితం పైనే అతికిస్తే జిగురు కాగితాన్ని పట్టుకుంటుంది, కాగితం గోడని వదిలేస్తుంది. గీకి తీసి, పాలియురెథేన్ జిగురుతో అతికించండి, ఆరేదాకా చెక్కలు అడ్డుపెట్టి అదిమి ఉంచండి. పలక కింది అంచు ట్రే గట్టుకి లోపలివైపు దిగాలి, అప్పుడే గోడ మీద జారిన నీరు ట్రేలో పడుతుంది. గట్టు వెనక్కి దిగితే సీలెంటు ఎంత పూసినా ఏదో ఒకనాడు నీరు వెనక్కే పోతుంది. ఈ ఒక్క తప్పు వల్ల కుళ్ళిన నేలలే ఎక్కువ.

ట్రే 60 సెంటీమీటర్ల చదరం కనీసం, 70 ఉంటే మోచేతులు తగలవు. పలుచని ప్లాస్టిక్ ట్రే అడుగున ఖాళీ ఉంటే మనిషి బరువుకి వంగి వంగి తూము చుట్టూ నెర్రె విచ్చుతుంది. అడుగంతా ఆనేలా ప్లైవుడ్డు, గట్టి ఫోము పలక పేర్చండి. సీసాలో దొరికే పొంగే ఫోము వాడితే తక్కువ పొంగేది తీసుకుని, పిసరంత కొట్టి, ట్రేలో నీళ్ళ క్యాన్లు బరువు పెట్టండి. లేకపోతే పొద్దునకి ట్రే పైకి లేచి కూర్చుంటుంది. నేలకి తూము చిల్లు వేశాక కోసిన అంచుకి రెండు మూడు పూతలు ఎపాక్సీ పట్టించండి. ప్లైవుడ్డు నీరు తాగేది పైనుంచి కాదు, కోసిన అంచు నుంచే.

ట్రేకీ గోడకీ మధ్య 5 మిల్లీమీటర్ల సందు వదిలి, బూజు పట్టని బాత్రూమ్ సిలికోన్ నింపండి. నింపేటప్పుడు ట్రేలో నీళ్ళు పోసిగానీ బరువు పెట్టిగానీ ఉంచి, ఆరాకే తీయండి. ఖాళీ ట్రేకి పూసిన సీలు మనిషి ఎక్కగానే సాగి ఊడుతుంది. ఒక రోజంతా తడి తగలనివ్వొద్దు. సిలికోన్ లోపలివైపుకే సుమా. బయటి కిటికీలు, పైకప్పు అతుకుల దగ్గర అది వాడితే తర్వాత ఏ సీలెంటూ ఆ జిడ్డు మీద అతకదు, అక్కడ బ్యూటైల్ టేపు వాడాలి.

తలుపు కన్నా తెర తేలిక, దాని అంచు ట్రే లోపల పడాలి. పైకప్పులో గాలి కిటికీ తప్పకుండా ఉండాలి, 28 సెంటీమీటర్ల చదరపుది పాత బళ్ళకి సులభంగా దొరికే సైజు. స్నానమయ్యాక అది తెరిచే ఉంచి, గోడల్ని రబ్బరు పలకతో తుడిచేయండి. ఆవిరి లోపలే ఉండిపోతే రాత్రికి కిటికీ అద్దాల మీద, పరుపుల అడుగున తేలుతుంది. దీపం నీరు చొరని 12 వోల్టులదే. ఇంటి కరెంటు సాకెట్టు ఆ గదిలో ఉండకూడదు.

ప్రశ్న: షవరు ట్రేలో నీళ్ళు నిలుస్తున్నాయి. అంతేకాదు, సింకులో గిన్నెలు కడిగితే ఆ నీళ్ళు ట్రేలో పైకి వస్తున్నాయి. కంపు సరేసరి.

జవాబు: మూడింటికీ మూలం ఒకటే, గొట్టాల అమరిక. సింకు గొట్టాన్ని షవరు గొట్టంలో కలిపి ఉంటారు. ట్రే అన్నిటికన్నా పల్లంలో ఉంటుంది కాబట్టి ముందు గొట్టం కాస్త మూసుకున్నా సింకు నీరు అక్కడే పైకి తేలుతుంది. రెండింటినీ వాడిన నీళ్ళ ట్యాంకు దాకా విడిగా తీసుకెళ్ళండి.

మీటరుకి 25 మిల్లీమీటర్ల వాటం ఉండాలి. ముడతల గొట్టం వేసి ఉంటే తీసేయండి. ప్రతి ముడతలో సబ్బు నురగా వెంట్రుకలూ పేరుకుంటాయి, రెండు క్లిప్పుల మధ్య అది జోలెలా వేలాడి నీరు నిలబడుతుంది. 28 మిల్లీమీటర్ల నున్నటి గట్టి పైపు వేయండి. ఇక బండి ఎప్పుడూ సమంగా నిలబడదు కనక ఒక్క తూము ఉన్న ట్రేలో ఏదో ఒక మూల నీరు మిగులుతుంది. ఎదురెదురు మూలల్లో రెండు తూములున్న ట్రే ఉత్తమం. ఒకటే ఉంటే తూము ఉన్న వైపు వేలెడు వంగేలా బండిని నిలపండి.

కంపు రాకుండా ఇళ్ళలో నీరు నిలిచే వంపు గొట్టం పెడతాం. క్యారవాన్ ట్రే కింద దానికి లోతు చాలదు, ప్రయాణంలో నీరు ఒలికిపోతుంది కూడా. దాని బదులు లోపల రబ్బరు పొర ఉండి, నీరు పోయేటప్పుడు తెరుచుకుని తర్వాత మూసుకునే పొడి వాల్వు దొరుకుతుంది. దాన్ని తిన్నని గొట్టంలోనే, బాణం గుర్తు ట్యాంకు వైపు ఉండేలా వేయాలి. వాడిన నీళ్ళ ట్యాంకుకి కూడా గాలి గొట్టం కావాలి, లేకపోతే గుడగుడమని నీరు ఆగి ఆగి పోతుంది. ఆ ట్యాంకు మంచినీళ్ళ ట్యాంకుకన్నా చిన్నదైతే మధ్యలోనే నిండుతుంది. బయలుదేరే ముందు ఖాళీ చేయండి, దానికోసం పెట్టిన తూములోనే.

ప్రశ్న: అన్ని కుళాయిలూ కట్టే ఉన్నా రాత్రుళ్ళు పంపు ఉన్నట్టుండి టకటకమని తిరిగి ఆగిపోతోంది. పగలు కుళాయిలో గాలి చిమ్ముతోంది.

జవాబు: రెండూ వేరు జబ్బులు. మొదటిదానికి పంపు తర్వాత ఒక మూత వాల్వు పెట్టి మూయండి. అయినా తిరిగితే పంపు లోపలి వాల్వు నుంచే నీరు వెనక్కి పోతోంది, తరచుగా ఓ నలుసు ఇరుక్కుని ఉంటుంది, విప్పి కడిగితే చాలు. ఆగిపోతే లీకు ఆ వాల్వు తర్వాత ఎక్కడో ఉంది, పైన చెప్పిన టిష్యూ కాగితం పరీక్ష చేయండి.

గాలి చిమ్మడం పంపుకి ముందు వైపు జబ్బు. అక్కడ వదులు క్లిప్పు ఉంటే నీరు కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే తడి కోసం వెతికితే దొరకదు. ట్యాంకు నుంచి పంపు దాకా క్లిప్పులు బిగించి, జాలీ గిన్నె రబ్బరు వలయం సరిగ్గా కూర్చుందేమో చూడండి.

ప్రశ్న: దిగిన చోట కుళాయికి గొట్టం తగిలించి నేరుగా బండి పైపులకి కలపొచ్చా?

జవాబు: ఒత్తిడి తగ్గించే వాల్వు లేకుండా వద్దు. రాత్రి ఎవరూ వాడనప్పుడు బయటి లైనులో ఒత్తిడి పెరుగుతుంది, పాత అతుకులు ఊడేది అప్పుడే. 2 బార్‌కి మించకుండా తగ్గించి, తాగునీటి గొట్టంతోనే కలపండి. పంపులాగే ఇదీ ఊడిన పైపుని ఆపదు, ట్యాంకు ఖాళీ అయ్యాక ఆగే భాగ్యం కూడా ఉండదు. బయటికి వెళ్తే కుళాయి కట్టి వెళ్ళండి.

ప్రశ్న: నెలల తరబడి నిలిపిన బండిని మళ్ళీ వాడే ముందు ట్యాంకు ఎలా శుభ్రం చేయాలి?

జవాబు: వాసనా రంగూ కలపని 5 శాతం బ్లీచ్, లీటరు నీటికి 1 మిల్లీలీటరు. 60 లీటర్ల ట్యాంకుకి 60 మిల్లీలీటర్లు. ముందు బకెట్టు నీళ్ళలో కలిపి పోసి, ట్యాంకు నింపండి. బొగ్గు ఫిల్టరు ఉంటే తీసేయండి. గీజరు ఆపి ఉంచి, వేడి, చల్లని కుళాయిలన్నీ, షవరు కూడా బ్లీచ్ వాసన వచ్చేదాకా వదిలి కట్టేసి 4 గంటలు ఉంచండి. తర్వాత మొత్తం వదిలేసి, వాసన పోయేదాకా రెండు మూడుసార్లు మంచినీళ్ళతో కడగండి. స్టీలు, అల్యూమినియం ట్యాంకులకి ఇది పనికిరాదు, గీజరు ట్యాంకు లోహానిదైతే దాని పుస్తకం చూసుకోండి. గార పోవడానికి వెనిగరు వాడాలంటే ఇంకో రోజు, పూర్తిగా కడిగాక. బ్లీచ్‌లో కలిస్తే విషవాయువు పుడుతుంది.

షవరు తలని విప్పి గార తోమండి. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలిచిన నీటిలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లీజియొనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది, అది ఒంటికి చేరేది ఎక్కువగా షవరు తుంపర్లని పీల్చడం వల్లే. అందుకని మొదటిసారి తల విప్పేసి, గొట్టం కొస ట్రేలో ఆనించి, తుంపర లేవకుండా కాసేపు వదిలేయండి. గీజరుని గోరువెచ్చగా కాదు, 60 డిగ్రీల దాకా కాగనివ్వండి.

ప్రశ్న: నీళ్ళు గడ్డకట్టే చలిలో బండి ఊరికే నిలిపితే ఏమవుతుంది?

జవాబు: గడ్డకట్టిన నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ముందు పగిలేది పంపు తల, జాలీ గిన్నె, షవరు మిక్సరు లోపలి ప్లాస్టిక్. పగులు అప్పుడు తెలియదు, ఎండలొచ్చి నీళ్ళు నింపినప్పుడు తెలుస్తుంది.

గీజరు ఆపి చల్లారనిచ్చి, ట్యాంకు తూమూ గీజరు తూమూ తెరవండి. కుళాయిలన్నీ తెరవండి, మిక్సరైతే పిడిని మధ్యలో నిలపాలి, ఒక పక్కకి తిప్పితే రెండో పక్క పైపులో నీరు మిగులుతుంది. పంపుని అర నిమిషం పొడిగా తిప్పి, దాని ముందూ వెనకా గొట్టాలు విప్పి వంచండి. జాలీ గిన్నె విప్పి ఒలకబోయండి. షవరు తలని కొక్కేనికి వేలాడనివ్వకుండా ట్రేలో పడుకోబెట్టండి, గొట్టంలో నీరు దిగిపోతుంది. కుళాయిలు, తూములు శీతాకాలమంతా తెరిచే ఉంచండి, ట్రే తూముకి మాత్రం బిరడా పెట్టండి, ఆ దారిన ఎలుకలు వస్తాయి.